సంరక్షిత ప్రాంతం, మరిడమ్మ అరుగు

టీవీ చూసేవాళ్లు కరువైపోయారన్న సంగతి ప్రభుత్వానికి తెలిసింది ఒక రాజీనామా వల్ల.

ఒక మంత్రిగారికి తనకిచ్చిన శాఖ నచ్చలేదు. అలిగి, ఓ సాయంత్రం టీవీలో ప్రత్యక్షప్రసారానికి కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ రాజీనామా చేస్తున్నానని ప్రకటించారు. జనం తండోపతండాలుగా వచ్చి కాళ్ల మీద పడితే అప్పుడు మెత్తబడి వెనక్కి తీసుకుందామని ఆయన ఉద్దేశం. అందుకని ఇంటికొచ్చి గేట్లు బార్లా తీయించి, షామియానా వేయించి, మజ్జిగ కలిపించి కూర్చున్నారు. తెల్లవారేసరికి వచ్చినవాడు పాలవాడొక్కడే. వాడు కూడా కాళ్ల మీద పడలేదు సరికదా, గేటు ఇలా తీసి ఉంచితే కుక్కలు దూరవా అని కోప్పడ్డాడు. మంత్రిగారి భార్యకే రాజీనామా సంగతి తెలీదు. ఆవిడ ఆ టైముకి పక్కగదిలో ఫోను ముందు పెట్టుకుని ఏదో కొరియా సీరియలు చూస్తోంది. ముఖ్యమంత్రిగారూ చూడలేదు. ఎవరూ చూడని రాజీనామా చేసినట్టా, చేయనట్టా అని న్యాయశాఖను అడిగితే, వాళ్లు పాత తీర్పులన్నీ తిరగేసి చేయనట్టేనని తేల్చారు. మంత్రిగారు మామూలుగా ఆఫీసుకెళ్లిపోయారు.

పదవి దక్కింది గానీ గాయం మానలేదు. "తిడితే పడొచ్చు. చూడకపోతే ఎలా బతకడం?" అని కేబినెట్‌లో కంటతడి పెట్టారు. ఆ కంటతడిలోంచి పుట్టింది టెలివిజన్ వీక్షక సంరక్షణ మండలి.

మండలి జిల్లా కార్యాలయాన్ని పాత పశువుల ఆసుపత్రిలో పెట్టారు. గోడ మీద ఆవు పొట్టలోని అరలన్నీ రంగుల్లో చూపించే పటం అలాగే ఉండిపోయింది. అది వేరే శాఖ ఆస్తి, తీయాలంటే వాళ్ల అనుమతి రావాలి. దాని కింద కుర్చీలో జిల్లా సంరక్షణాధికారి పరాంకుశంగారు కూర్చునేవారు. ఆయన అటవీశాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చారు. సర్వీసంతా మొసళ్లనీ తాబేళ్లనీ కాపాడారు. వాటిలో ఎన్ని మిగిలాయో ఎవరికీ తెలీదు గానీ, ఆయనకి మాత్రం ప్రమోషన్లు బాగానే వచ్చాయి.

ఆయన కింద కాంట్రాక్టు మీద క్షేత్ర సంరక్షకుడిగా చేరినవాడు నూకరాజు. నూకరాజు తండ్రి నర్సరీలో మొక్కల తొట్లు మోస్తాడు. వాళ్ల వంశంలో డిగ్రీ దాకా వెళ్లినవాడు నూకరాజొక్కడే. అందుకని ఎవరేం చెప్పినా శ్రద్ధగా రాసుకునేవాడు, రాసుకున్నది శ్రద్ధగా చేసేవాడు. తండ్రి నర్సరీలో అందరికీ చెప్పుకునేవాడు.

"మావోడు గవర్నమెంటండి."

"ఏం చేత్తాడు?"

"టీవీ చూసేవోళ్లని చూత్తాడంట."

"అదేం ఉద్యోగవయ్యా?"

"అదేనండి, పర్మినెంటు కాలేదింకా."

పర్మినెంటు సంగతి పరాంకుశంగారు మొదటిరోజే వివరించారు. దసరా వెళ్లాక రాజధాని నుంచి నిపుణుల కమిటీ వస్తుంది. ఏ జిల్లాలో సజీవ వీక్షకుల్ని చూపిస్తే ఆ జిల్లా సిబ్బందిని ఉంచుతారు. చూపించలేని జిల్లా సిబ్బంది ఇళ్లకి పోవచ్చు.

"చూడవయ్యా నూకరాజూ," అన్నారాయన. "వీక్షకుడనేది చాలా సున్నితమైన జాతి. నిర్దేశిత సమయానికి, నిర్దేశిత స్థలంలో, ప్రకటనలతో సహా, ఆపకుండా, ముందుకి జరపకుండా చూసేవాడే వీక్షకుడు. తనకి తోచినప్పుడు, తోచిన చోట, తోచినంత చూసేవాడు వినియోగదారుడు. అలాంటివాళ్లు కలుపుమొక్కల్లా పెరిగిపోవడం వల్లే మన జాతి అడుగంటింది. తేడా తెలుసుకో."

ఇలా చెప్పి ఆయన చెవుల్లో తీగలు పెట్టుకుని, ఫోనులో ఏదో దొంగా పోలీసుల కథ తొమ్మిదో భాగం తెరిచారు. శత్రువుని అధ్యయనం చేయడం కూడా డ్యూటీలో భాగమేనట.

నూకరాజు సైకిలు మీద ఊళ్లు తిరిగాడు. టీవీ లేని ఇల్లు లేదు. ఒక ఇంట్లో దాని మీద తడి తువ్వాళ్లు ఆరేశారు. ఇంకో ఇంట్లో అద్దం పగిలిందని, నల్లగా నున్నగా ఉన్న టీవీలో చూసుకుని తలలు దువ్వుకుంటున్నారు. సెలూన్లో పాట వినిపిస్తే పరిగెత్తుకెళ్లాడు. మంగలి కోటేశ్వర్రావు ఫోనులోంచి టీవీకి ఎక్కించాడని తేలింది. ఒక పెంకుటింట్లో ఓ పెద్దాయన నిజంగానే టీవీకి ఎదురుగా కదలకుండా కూర్చుని కనిపించేసరికి నూకరాజుకి గుండె ఝల్లుమంది. దగ్గరికెళ్తే గురక. పరాంకుశంగారిని అడిగితే, నిద్రాణ వీక్షకులు మన పరిధిలోకి రారన్నారు.

అలా తిరిగి తిరిగి, ఓ సాయంత్రం గోదావరి పక్కన చినలంక చేరాడు. ఆ ఊరంతా పూల పని. వీధి మొదట్లోనే మల్లెల వాసన తగిలింది. వాసన వెనకాలే ఒక గొంతు వినిపించింది.

"నువ్వు ఈ గడప ఎలా దాటతావో నేనూ చూస్తాను గౌరీ."

ఆ మాట వెనక మూడు సార్లు పిడుగు పడ్డట్టు చప్పుడు. చప్పుడు ఆగాక ఒక ఆడమనిషి నిమ్మళంగా అంది:

"దీని జిమ్మడ. మళ్లీ మొదలెట్టింది."

"ఊళ్లో ఇంతమందికి జొరాలొత్తన్నాయి గదా, దీనికి రాదేంటక్కా?" అంది ఇంకొకావిడ.

"పాపిష్టోళ్లకి రావే. ఆయుస్సు గట్టిది."

నూకరాజు సైకిలు దిగాడు. అరుగు మీద పూల గుట్ట. చుట్టూ ఐదారుగురు ఆడవాళ్లు. కాలి బొటనవేలికి అరటినార తగిలించి, తలొంచుకుని పూలు కడుతున్నారు. లోపలిగదిలో గోడ అల్మరాలో టీవీ మోగుతోంది. ఇంతలో ప్రకటనలొచ్చాయి. ఎవరూ లేవలేదు. ఎవరూ రిమోటు కోసం తడుముకోలేదు. పైగా బట్టల సబ్బు పాట వస్తే ఒకావిడ దానికి తగ్గట్టు తలూపుతూ గొంతు కలిపింది. నూకరాజుకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మధ్యలో కూర్చున్న భారీమనిషి తలెత్తింది. పేరు మరిడమ్మ. ఆ అరుగూ ఆ పూల పనీ ఆవిడవే. సబ్బు పాట పాడిన ఆవిడ బేబీ, మరిడమ్మకి తోటికోడలు.

"ఎవరు బాబూ? పూలకొచ్చేవా?"

"కాదండి. మిమ్మల్ని కాపాడ్డానికొచ్చానండి."

"దేన్నించి?"

నూకరాజు కొంచెం ఆలోచించాడు. "అంతరించిపోకుండానండి."

"ఏంటో. ముందు కూకో. ఇప్పుడు మాటాడకు, గౌరి ఏడవబోతంది."

కూర్చున్నాడు. ఆ సీరియలు పేరు 'గడప దాటని గౌరి' అనీ, గౌరి పేదింటి పిల్ల అనీ, పెద్దింటి కోడలయ్యాక అత్త మోహనాంబ దాన్ని కాల్చుకు తింటోందనీ తెలుసుకున్నాడు. పూలు కడుతూనే మరిడమ్మ అంతా చెప్పింది.

"చామనచాయ బాబూ. పిట్టంత పిల్ల. మోచేతులు చూత్తే కడుపు తరుక్కుపోద్ది. ఎక్కడా, ఆ ఇంట్లో దానికి అన్నం పెట్టరు గదా. దాని కడుపు పండితే అమ్మోరికి నిలువెత్తు దండేత్తానని మొక్కుకున్నాను. చూడాలి."

"నీ దండకోసవైనా అది నీళ్లోసుకోవాలి," అంది బేబీ.

ఆ మాటలన్నీ నూకరాజు రాసుకున్నాడు.

మర్నాడు ఆ కబురు వింటూనే పరాంకుశంగారు చెవుల్లో తీగలు తీసేశారు. ఆయన తీగలు తీయడం నూకరాజు చూడటం అదే మొదలు.

"ఒంటరివా, గుంపా?"

"గుంపేనండి."

"పిల్లలున్నాయా?"

"పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారండి."

"ఆఖరి తరం," అని ఆయన కళ్లు మూసుకున్నారు. కాసేపటికి తెరిచి, "కంచె వెయ్యి," అన్నారు.

వారం తిరక్కుండా చినలంక పూలవీధి సంరక్షిత ప్రాంతమైపోయింది. వీధి మొదట్లో పచ్చ బోర్డు లేచింది. అటవీశాఖ నమూనానే కొద్దిగా మార్చి రాయించారు: 'వీక్షకులు సంచరించు ప్రాంతము. హారన్ మోగించరాదు. వీక్షకులకు ఆహారము వేయరాదు. వీక్షకులను రెచ్చగొట్టరాదు.' అరుగు ముందు నర్సరీ వాళ్లు మొక్కలకి నీడ కోసం కట్టే పచ్చ వల కట్టారు. వల అవతల బెంచీలు వేశారు. బడిపిల్లల్ని బస్సులో తీసుకొచ్చి ఆ బెంచీల మీద కూర్చోబెట్టి, ఒక మేష్టారు గుసగుసగా పాఠం చెప్పేవారు. "అదిగో, ప్రకటనలొచ్చినా లేవట్లేదు, చూశారా. మీ తాతలు ఇలాగే ఉండేవారు."

మరిడమ్మకి మొదట్లో వింతగా ఉండేది. తర్వాత చిరాకొచ్చింది. "ఏం బాబూ, మాకు కొమ్ములేవైనా మొలిచాయా? వీపు గోక్కుందావంటే కూడా అటేపు రాసుకుంటన్నారు."

అసలు గొడవ బేబీ కోడలు సుప్రియ వల్ల వచ్చింది. ఆ పిల్ల ఫోనులో యాప్ పెట్టుకుని, రాత్రి టీవీలో వచ్చే భాగం పొద్దున్నే చూసేసేది. నీళ్ల బిందె చంకనెట్టుకుని వెళ్తూ వెళ్తూ, "పెద్దత్తా, ఇయ్యాల గౌరి పాలు ఒలకబోత్తది, మోహనాంబ చెంప మీద కొడతది," అని చెప్పేసి పోయేది. మరిడమ్మకి అది పెద్ద పట్టింపు కాదు. "కొడితే కొట్టనీ, మనం తిట్టేది మనం తిడతాం," అనుకునేది. కానీ కాంట్రాక్టులో రాసిన ప్రకారం నూకరాజు ఆ సంగతి పైకి తెలియజేశాడు. పైవాళ్లు ఉలిక్కిపడ్డారు. కథను ప్రసారానికి ముందు వెల్లడించుట వీక్షకుల ఉత్సుకతకు విషప్రయోగముతో సమానమని ఉత్తర్వు వచ్చింది. సుప్రియకి తాఖీదు ఇచ్చారు. అంతటితో ఆగక, సాయంత్రం నుంచి వార్తలయ్యే దాకా పూలవీధి చుట్టుపక్కలంతా ఫోన్లకి నెట్టు ఆపేశారు.

దాంతో ఊరు ఊరంతా మరిడమ్మ మీద పడింది. చికెన్ పకోడీ బండి వీరన్న వచ్చి, "వదినా, నీ సీరియల్లో గౌరి కాపరం సంగతేమో గానీ, నా బేరం పోతంది. ఒక్కడి ఫోనూ పని చెయ్యట్లేదు. పకోడీ తినేసి రేపిత్తానంటన్నారు," అన్నాడు.

"నన్నేం చెయ్యమంటావురా?"

"టీవీ చూడ్డం మానెయ్యొచ్చు గదా."

"మానేత్తే ఈ బాబు ఉద్యోగం ఊడిపోద్దంట."

వీరన్న నూకరాజు వైపు చూశాడు. నూకరాజు బోర్డు వైపు చూశాడు. వీక్షకులను రెచ్చగొట్టరాదు అని అక్కడ రాసే ఉంది.

కమిటీ వచ్చే రోజులు దగ్గర పడ్డాయి. సంరక్షిత టీవీకి ఇత్తడి బిళ్ల తగిలించమని ఆఫీసు నుంచి వచ్చింది. నూకరాజు బిళ్ల పట్టుకుని, మొదటిసారి మరిడమ్మ ఇంటి లోపలిగదిలోకి వెళ్లాడు. టీవీ మోగుతోంది. మోహనాంబ ఎవర్నో శపిస్తోంది. కానీ బొమ్మ లేదు. పాత డబ్బా టీవీ, తెర తారు డబ్బాలోకి చూసినట్టు ఉంది. వెనక తీగలు కదిపాడు. పక్కన తట్టాడు. మోహనాంబ శపిస్తూనే ఉంది.

"అమ్మా," అని గుమ్మంలోకి వచ్చాడు. "బొమ్మ రావట్లేదండి."

"రాదు బాబూ," అంది మరిడమ్మ నార బిగిస్తూ. "పుష్కరాల ఏడాది పిడుగు పడ్డప్పుడు పోయింది."

"అప్పట్నించీ బాగు చేయించలేదా?"

"దేనికి? చేతులు పూల మీదుంటాయి, కళ్లు చేతుల మీదుంటాయి. ఇంక దాన్నెవరు చూత్తారు? గొంతుంది గదా."

"గౌరి సీరియలు ఎప్పుడు మొదలైందండి?"

"మొన్ననేగా, రెండేళ్లవుద్ది."

"అంటే గౌరిని మీరెప్పుడూ చూడలేదు."

"చూడకపోడవేంటి," అంది మరిడమ్మ, ఇతనికి మతి ఉందా అన్నట్టు. "రోజూ చూత్తన్నాం గదా."

ఆ రాత్రి నూకరాజు కూర్చుని లెక్క వేసుకున్నాడు. జిల్లా మొత్తానికి మిగిలిన ఆఖరి వీక్షకులు టీవీ వైపు చూసి ఏళ్లవుతోంది. చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తప్పు. వాళ్లింట్లో డిగ్రీ కొత్త. ఉద్యోగం ఇంకా కొత్త. అబద్ధం అలవాటయ్యేంత కాలం కాలేదు. పొద్దున్నే వెళ్లి చెప్పేశాడు.

పరాంకుశంగారు ఆవు పొట్ట పటం కింద కుర్చీ వెనక్కి వాల్చారు.

"వీక్షకులకి వీక్షణం లేదంటావు."

"అవునండి."

"ఇది ఆవాస లోపమయ్యా, జాతి లోపం కాదు. చెరువు ఎండిపోయిందనుకో, అందులో మొసలి మొసలి కాకుండా పోతుందా? నీళ్లు నింపాలి. కొత్త టీవీ పెట్టిస్తాను. తలుపంత టీవీ." ఆయన వేలెత్తారు. "ఆ పూలు మాత్రం తీసెయ్యాలి."

"వాళ్ల పని అదేనండి."

"ద్వంద్వ కార్యకలాపం. కమిటీ వచ్చేసరికి మొసలి కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటుంటే ఏం బావుంటుంది?"

పూలు లేకుండా కూర్చోవాలనేసరికి అరుగంతా గోలెత్తింది. తెల్లారగట్ల కడియం మార్కెట్టుకి ఆటో వెళ్లిపోతుంది. రాత్రి కట్టకపోతే పూలు దేనికీ పనికిరావు. బేబీ అయితే లేచి వల చింపేస్తానంది. మరిడమ్మే సర్దిచెప్పింది.

"ఒక్క పూటేగదే. మద్దేన్నవే కట్టేద్దాం. ఈ పిల్లోడికి పర్మినెంటవుద్దంట. ఆళ్ల నాన్న తొట్లు మోత్తాడంట." తర్వాత నూకరాజు వైపు తిరిగింది. "అయితే మాత్రం బాబూ, నీ మొహం చూసే. నువ్వు చెప్పే ఆ ఆవు పటం ఆయన మొహం చూసి కాదు."

కమిటీ మూడు కార్లలో వచ్చింది. అధ్యక్షుడు సర్వోత్తమరావుగారు, వెనక నలుగురైదుగురు నిపుణులు. తలుపంత టీవీని అరుగు మీద గోడకి బిగించారు. ఆడవాళ్లు పెళ్లిళ్లకి కట్టే చీరలు కట్టుకుని వరసగా కూర్చున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాళ్లకి తెలీలేదు. బేబీ తన చేతుల్ని ఒళ్లో పెట్టుకుని, అవి వేరే ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది. వల అవతల కమిటీ సభ్యులు పెన్నులు తీశారు. వాళ్లెవరూ టీవీ వైపు చూడటం లేదు. టీవీ చూసేవాళ్లని చూడటానికి వచ్చారు వాళ్లు.

ఏడున్నరయింది. పిడుగు చప్పుళ్లు. బొమ్మ వచ్చింది.

తెల్లగా బొద్దుగా ఉన్న ఒక అమ్మాయి జరీ చీర కట్టుకుని మంచం మీద పడి ఏడుస్తోంది.

"ఈ పిల్లెవరు?" అంది మరిడమ్మ.

పక్కనే నిలబడ్డ నూకరాజు గొంతు తగ్గించి, "గౌరండి," అన్నాడు.

"కాదు."

"గౌరేనండి."

"మూడు పూటలా నెయ్యేసుకుని తిన్న చెంపలవి. ఏడుత్తంటే కాటిక్కూడా చెదరట్లేదు."

"అక్కా," అంది బేబీ. ఆవిడ టీవీకి దగ్గరగా జరిగింది. "అక్కా, తల్లో చూడు."

అందరూ చూశారు. గౌరి జడలో బారెడు మల్లెదండ ఉంది.

"ప్లాస్టిక్కు," అంది బేబీ.

ఇంతలో మోహనాంబ వచ్చింది. అరుపులు అరిచింది, శాపాలు పెట్టింది. కానీ వీళ్లకి ఆ మాటలేవీ చెవికెక్కలేదు. ఆవిడ కొప్పు కనపడింది.

"ఈవిడియి నిజం పూలే," అంది ఒకామె.

"కట్టు చూడు. నార కట్టు. ఎవరోగానీ మంచి చెయ్యి."

"పాపం, అన్యాయంగా తిట్టేం ఈవిణ్ణి," అంది బేబీ. "పెద్దమనిషిలా ఉంది."

మరిడమ్మ మాత్రం ఆ అమ్మాయినే చూస్తోంది. "దీనికా నేను మొక్కుకుంది," అంది. ఆ మాట నూకరాజుకొక్కడికే వినపడింది. తర్వాత ఆవిడ లేచి, గోడ దగ్గరికి నడిచి, ప్లగ్గు పట్టుకుని పీకేసింది. ఆడవాళ్లంతా లేచి, చీరలు దులుపుకుని ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు.

నిపుణుల పెన్నులు ఆగిపోయాయి. సర్వోత్తమరావుగారు గడియారం చూసుకున్నారు.

"నమోదు చేయండి," అన్నారాయన. "ఈ జిల్లాలో టెలివిజన్ వీక్షక జాతి, కమిటీ సమక్షంలో, ఏడు గంటల నలభై ఒక్క నిమిషానికి అంతరించినది." అందరూ లేచి మౌనం పాటించారు. పరాంకుశంగారు రుమాలు తీసి కళ్లద్దుకున్నారు.

నూకరాజు తెల్లవారి ఆఫీసుకి తాళాలు అప్పజెప్పడానికి వెళ్లాడు. తండ్రికి ఏమీ చెప్పలేదు. వెళ్లేసరికి పరాంకుశంగారు స్వీట్లు పంచుతున్నారు.

"తాళాలా? నీ దగ్గరే ఉంచు. పర్మినెంటయ్యావు."

"వీక్షకులు పోయారు గదండీ."

"అందుకేనయ్యా." ఆయన నూకరాజు నోట్లో కాజా పెట్టారు. "నా సర్వీసులో నేర్చుకున్నది ఒకటి చెప్తాను విను. బతికున్న జాతి ఎప్పుడు పోతుందో తెలీదు, దానికి టెంపరరీ సిబ్బంది చాలు. అంతరించిన జాతికి మ్యూజియం కావాలి. మ్యూజియానికి పర్మినెంటు సిబ్బంది కావాలి. ఎంచేతంటే, ఒకసారి అంతరించింది మళ్లీ అంతరించదు."

మ్యూజియం ఆ పశువుల ఆసుపత్రిలోనే వెలిసింది. మరిడమ్మ డబ్బా టీవీని చారిత్రక సంపదగా స్వాధీనం చేసుకుని గాజు పెట్టెలో పెట్టారు. తలుపంత టీవీని ఆవు పటం పక్కన బిగించారు. దాని ముందు సిమెంటుతో నమూనా అరుగు కట్టించారు. అరుగు మీద వీక్షకుడి విగ్రహం పెట్టాలని ప్లానులో ఉంది గానీ, శిల్పి టెండరు తేలలేదు. తేలేదాకా నూకరాజునే కూర్చోమన్నారు. సాయంత్రం నుంచి వార్తలయ్యేదాకా, తెర వైపు చూస్తూ. రెప్ప వేయవచ్చు, తల తిప్పరాదు. ప్రారంభోత్సవం ఆ రాజీనామా మంత్రిగారే చేశారు. దాన్ని ప్రత్యక్షప్రసారం చేశారు. నూకరాజు తప్ప ఎవరూ చూడలేదు. అతనికది డ్యూటీ.

చినలంకలో వల తీసేశారు, నెట్టు వచ్చింది, వీరన్న బేరం పుంజుకుంది. అరుగు మాత్రం మూగదైపోయింది. సుప్రియ జాలిపడి ఫోను మధ్యలో పెట్టి సీరియలు వేస్తే, "దోమ మూలిగినట్టుంది, తీసెయ్యే," అంది మరిడమ్మ. తిట్టడానికి మోహనాంబ లేక ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు తిట్టుకోవడం మొదలెట్టారు. మరిడమ్మకీ బేబీకీ మాటల్లేవు. దండలు వదులైపోతున్నాయని మార్కెట్లో కూడా అంటున్నారు.

ఒక సాయంత్రం మ్యూజియం ముందు ఆటో ఆగింది. తలుపు దగ్గర మల్లెల వాసన. నూకరాజు తల తిప్పలేదు.

"బాబూ, మా టీవీ మాకిచ్చెయ్యి," అంది మరిడమ్మ గొంతు.

"అది ఇప్పుడు ప్రభుత్వానిదండి."

"పోనీ ఇక్కడ కూకోవచ్చా?"

నూకరాజు నిబంధనలన్నీ గుర్తు చేసుకున్నాడు. "సందర్శకులు కూర్చోవచ్చండి."

"పూలు?"

"పూల సంగతి ఎక్కడా రాయలేదండి."

బుట్టలు దిగాయి. సిమెంటు అరుగు మీద, తెరకి వీపులు పెట్టుకుని, ఆడవాళ్లు చుట్టూ సర్దుకున్నారు. మరిడమ్మా బేబీ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. బొటనవేళ్లకి నార తగిలింది. పిడుగు చప్పుళ్లయ్యాయి. మోహనాంబ గొంతు లేచింది. ఎవరూ ఆవిణ్ణి తిట్టలేదు. చేతులు మెల్లిగా, మొక్కుబడిగా కదులుతున్నాయి.

ఎంతోసేపయ్యాక మరిడమ్మ, తలెత్తకుండానే, అడిగింది.

"బాబూ. నువ్వు దాని మొహం చూత్తన్నావు గదా."

"చూస్తున్నానండి."

"ఆరోజు మాకు చూపించినావిడ గౌరి కాదు. నేనప్పుడే చెప్పేను."

మరిడమ్మ ఇంకో ముడి వేసింది.

"ఇయ్యాలెలాగుంది?"

తెర మీద గౌరి మెడనిండా నగలతో, నిగనిగలాడే బుగ్గలతో, చెదరని కాటుకతో ఏడుస్తోంది. నూకరాజు రెప్ప వేశాడు. అది అనుమతించినదే.

"చిక్కిపోయిందండి," అన్నాడు. "కళ్ల కింద గుంటలు పడ్డాయి. మోచేతులైతే చూడలేకపోతున్నానండి."

పూలబుట్టల మధ్య ఒక నిట్టూర్పు తిరిగింది. బేబీ చేతిలో నార ఆగింది.

"తల్లో?" అని అడిగింది.

బారెడు ప్లాస్టిక్కు మల్లెలు తెర నిండా మెరుస్తున్నాయి.

"ఏమీ లేవండి."

"చూసేవా అక్కా," అంది బేబీ, ఇన్నాళ్లకి మరిడమ్మ వైపు తిరిగి. "ఆఖరికి పూలైనా పెట్టుకోనివ్వట్లేదు."

"దాని జిమ్మడ," అంది మరిడమ్మ. నార బిగించి, ముడేసి, రెండు గుప్పెళ్ల మల్లెలు ముందుకి లాక్కుంది.